49 రోజుల సెలవుల్లో పిల్లలకి ఖాళీ ఎక్కడుంది?

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మేం హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. నేనూ మా వారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. పాపకి 11 ఏళ్ళు, బాబుకి 7. సెలవులివ్వగానే ఇద్దర్నీ సమ్మర్ క్యాంపుల్లో చేర్చాం. ఉదయం ఆరున్నరకి ఇద్దరికీ స్విమ్మింగ్, తొమ్మిదింటికి పాపకి డాన్స్, బాబుకి అబాకస్, పదకొండు నుంచి ఒంటిగంట దాకా రోబోటిక్స్, సాయంత్రం చెస్. ఆదివారం వస్తే మాల్‌కో, వాటర్ పార్కుకో, రిసార్టుకో వెళ్తున్నాం. ఫీజులకే 38 వేలు అయ్యాయి. పది రోజులు తిరక్కుండానే ఇల్లంతా చికాకు. బాబు స్విమ్మింగ్ అనగానే ఏడుస్తున్నాడు. పాప ఏదడిగినా "నాకేమీ వద్దు" అంటోంది. కాస్త తీరిక దొరికితే పాత నోట్‌బుక్ వెనక ముగ్గులు గీసుకుంటూ కూర్చుంటోంది. అమలాపురం దగ్గర పల్లెలో ఉండే మా అమ్మా నాన్నా పిల్లల్ని ఒక నెల పంపమంటున్నారు. మా వారేమో, "ఊళ్ళో ఏముంది? టైమ్ వేస్ట్. కోనేరు హంపి ఈ వయసుకే ఎక్కడుందో చూడు" అంటారు. ఇంట్లో ఖాళీగా వదిలితే ఫోన్లు పట్టుకుంటారని నా భయం. అంతా వాళ్ళ కోసమే చేస్తున్నాను. మరి ఎందుకిలా అవుతోంది?

– ఒక అమ్మ, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక కాగితం తీసుకుని మీ బాబు రోజును గంటల లెక్కన రాసుకున్నాను. ఆరున్నరకి నీళ్ళలో ఉండాలంటే ఐదున్నరకి లేవాలి. బడి రోజుల్లో కూడా అంత పొద్దున్నే లేచి ఉండడు. మళ్ళీ తడి బట్టలు మార్చుకుని, టిఫిన్ తిని, తొమ్మిదింటికి అబాకస్. అక్కడి నుంచి రోబోటిక్స్. ఒంటిగంటకి, మే నెల ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ఇంటికి ప్రయాణం. నిద్రపోయి లేచేసరికి చెస్. ఏడేళ్ళ పిల్లవాడికి ఇది మనలాంటి వాళ్ళ ఉద్యోగం కంటే ఎక్కువే.

ఇంకో లెక్క కూడా వేశాను. తెలంగాణలో బళ్ళకి వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24న మొదలై జూన్ 11తో అయిపోతాయి. అంటే 49 రోజులు. మీ క్యాంపులు అందరి క్యాంపుల్లాగే మే 31 దాకా ఉంటే, అక్కడికే 38 రోజులు అయిపోయాయి. మిగిలిన 11 రోజుల్లో పుస్తకాలకి అట్టలు వేయడం, యూనిఫామ్ కుట్టించడం, బూట్లు కొనడం. ఈ లెక్కలో అమ్మమ్మకీ తాతయ్యకీ రోజులేవి? పాప ముగ్గులకి రోజులేవి? మీకు మాత్రం ఎక్కడున్నాయి?

మీరు తప్పు చేశారని అనడం లేదు. అపార్ట్‌మెంట్‌లో అందరి పిల్లలూ ఏదో ఒకదాంట్లో చేరుతుంటే మన పిల్లలు వెనకబడిపోతారేమోనని ఏ తల్లికైనా దిగులుగానే ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే పగలు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది అంతకంటే పెద్ద సమస్య. క్యాంపు ఫీజులో సగం దానికే కడుతున్నాం, పైకి చెప్పుకోం గానీ. కాకపోతే మీరు రాసిన జాబితాలో ఐదు రకాల క్లాసులున్నాయి, ఐదుగురు మాస్టార్లున్నారు. ఇంటి మనుషులు ఒక్కరూ లేరు. నాకు కనిపించిన లోటు అదే.

నేను గోదావరి జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో 31 ఏళ్ళు పాఠాలు చెప్పాను. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం, ఆరో తరగతి పిల్లలతో సెలవుల గురించి ఒక పేజీ రాయించేదాన్ని. వాళ్ళు రాసినవాటిలో ఎప్పుడూ మనుషులే ఉండేవారు. పిన్ని పెళ్ళి, మామయ్య కొనిచ్చిన బంతి, తాతయ్యతో రాత్రి చేలోకి వెళ్ళడం, ఈనిన గేదె దగ్గర నాయనమ్మతో కూర్చోవడం. అయినా సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నేను కూడా మీలాగే భయపడ్డాను. మా అబ్బాయి ఏడో తరగతి అయిన వేసవిలో ఏదో ఎంట్రన్స్ కోచింగ్ అని 40 రోజులు ఒక హాస్టల్లో పెట్టాం. వాడు వాళ్ళ తాతయ్య దగ్గరికి వెళ్ళి సైకిల్ నేర్చుకుంటానని ఎంతో అడిగాడు. వచ్చే ఏడాది వెళ్దువుగాని అన్నాను. ఆ ఏడాది సంక్రాంతి లోపే మా మామగారు పోయారు. ఆ కోచింగ్‌లో వాడేం నేర్చుకున్నాడో వాడికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. తాతయ్య దగ్గర సైకిల్ నేర్చుకోలేకపోయానన్న మాట మాత్రం వాడికి ఇప్పుడు నలభై దాటినా అప్పుడప్పుడూ అంటాడు. అందుకే మీకు ఇంత గట్టిగా రాస్తున్నాను.

ముందు బాబు ఏడుపు సంగతి చూడండి. మిగతావన్నీ వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు. రేపు ఒక్కరోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి అయినా సరే, స్విమ్మింగ్ పూల్ దగ్గర గట్టు మీద కూర్చుని గంటసేపు చూడండి. కోచ్ ఎంతమంది పిల్లల్ని ఒక్కసారే చూస్తున్నాడు? భయపడే పిల్లల్ని నీళ్ళలోకి తోస్తున్నారా? పెద్ద పిల్లల బ్యాచ్‌లో వేశారా? నీళ్ళు ముక్కులోకి వెళ్ళి ఉక్కిరిబిక్కిరయ్యాడా, కళ్ళు మండుతున్నాయా? రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని, అక్క లేనప్పుడు, నెమ్మదిగా అడగండి. అక్కడ ఎవరైనా భయపెడుతున్నారా, ఒంటి మీద చెయ్యి వేసి ఇబ్బంది పెడుతున్నారా అన్నది కూడా తెలుసుకోండి. ఏడేళ్ళ పిల్లలకి అది మాటల్లో చెప్పడం రాదు, ఏడుపుగానే బయటికి వస్తుంది. అలాంటిదేదైనా ఉంటే ఆ గుమ్మం మళ్ళీ తొక్కనివ్వద్దు.

అదేమీ లేదు, నీళ్ళంటే భయం మాత్రమే అయితే ఈత పూర్తిగా మానిపించవద్దు. అన్ని క్లాసుల్లోకీ ఇదొక్కటే నేను వదలమని చెప్పనిది. ప్రతి వేసవిలో చెరువుల్లో, కాలువల్లో, క్వారీ గుంటల్లో పడి చనిపోయిన పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. ఈత ప్రాణం కాపాడే విద్య. నాలుగైదు రోజులు గ్యాప్ ఇచ్చి, తర్వాత వాళ్ళ నాన్నగారిని కూడా నీళ్ళలో దిగమనండి. నడుము లోతులో నిలబడి, నీళ్ళలో మూతి పెట్టి బుడగలు వదిలే ఆట ఆడితే చాలు మొదటి వారం. ఈ వేసవికి వాడు నీళ్ళంటే నవ్వితే అదే పెద్ద చదువు, చేతులు కొట్టడం వచ్చే ఏడాదికి ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. పూల్‌లో నెల రోజులు నేర్చుకున్న ఈత కాలువలో పనికిరాదు. గాలి ఊదిన ట్యూబులు ఆటవస్తువులే, వాటిని నమ్ముకుని పిల్లల్ని వదలకూడదు.

ఇక పాప. "నాకేమీ వద్దు" అన్న మాటకి పదకొండేళ్ళ వయసులో చాలా అర్థాలుంటాయి. నిద్ర చాలడం లేదని కావచ్చు. డాన్స్ క్లాసులో ఎవరో ఒంటి గురించి ఏదో అని ఉండవచ్చు. పెద్దవుతున్న పిల్ల, తనకి కాస్త చోటు కావాలని కావచ్చు. కానీ అమ్మా, మీ ఉత్తరంలోనే జవాబు ఉంది. తను ఏమీ వద్దు అనడం లేదు, ముగ్గులు కావాలంటోంది. ఎవరూ చెప్పకుండా, ఫీజు కట్టకుండా, ఖాళీ దొరికిన ప్రతిసారీ పిల్ల ఏ పని దగ్గరికి వెళ్తుందో అదే ఆ పిల్ల ఇష్టం. మీరు దాన్ని కాలక్షేపం అనుకున్నారు.

ముగ్గు చిన్న విద్య కాదు. ఒక చుక్కకి ఎదురుగా ఇంకోటి పెట్టే ఎదురు చుక్క వేరు, రెండు చుక్కల మధ్య సందులో పెట్టే సందు చుక్క వేరు. నడుమ 7 చుక్కలు పెట్టి రెండు వైపులా 4 దాకా సందు చుక్క తగ్గించుకుంటూ వస్తే మొత్తం ఎన్ని చుక్కలవుతాయో పాపని అడగండి. 37 అని వేళ్ళు మడవకుండా చెప్పగలదేమో చూడండి. 15 నుంచి 8 దాకా అయితే ఎన్నో తనే లెక్క కట్టమనండి. మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి రావాలి, ఒక్క చుక్క దగ్గర దారి తప్పినా ముగ్గంతా చెడుతుంది. ఆ ఓపిక, ఆ లెక్క, ఆ చేతి వాటం ఏ అబాకస్‌కీ తీసిపోవు. మీ అమ్మగారికి ఎన్ని ముగ్గులు వచ్చో ఎప్పుడైనా అడిగారా? ఒక మంచి లావుపాటి గళ్ళ నోట్‌బుక్ కొనిచ్చి, అమ్మమ్మకి వచ్చిన ముగ్గులన్నీ చుక్కల లెక్కతో సహా దాంట్లో ఎక్కించే పని పాపకి అప్పజెప్పండి. ఊళ్ళో వాకిలి ఉంటుంది, పొద్దున్నే కళ్ళాపి చల్లిన నేల ఉంటుంది. నోట్‌బుక్ వెనక పేజీలో మూడంగుళాల్లో గీసుకున్న ముగ్గుని ఆరడుగుల్లో వేయడం ఎలా ఉంటుందో తనకే తెలుస్తుంది.

డాన్స్ మాట తననే అడగండి. ఉంచమంటే ఉంచండి, వద్దంటే కారణం చెప్పమని నిలదీయకండి. అబాకస్, రోబోటిక్స్ ఈ ఏటికి ఆపేయండి. కట్టిన ఫీజు పోతుందని మనసు పీకుతుంది, నాకు తెలుసు. క్యాంపు వాళ్ళని అడిగి చూడండి, జూన్ తర్వాత వారాంతపు బ్యాచ్‌లోకి మారుస్తారేమో. మార్చకపోతే ఆ డబ్బు పోయినట్టే. దాని కోసం పిల్లల నెల కూడా పోగొట్టుకోవడం దేనికి?

చెస్ గురించి మీ వారికి ఒక మాట. ఆయన కోనేరు హంపి గారి పేరు ఎత్తారు, నాకు సంతోషం. గుడివాడలో 1987లో పుట్టిన అమ్మాయి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ర్యాపిడ్, అంటే తక్కువ సమయంలో ఆడే చదరంగంలో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది. మనందరికీ గర్వకారణం. అయితే ఆమెకి చదరంగం నేర్పింది ఎవరు? ఆమె తండ్రి అశోక్ గారు. ఉద్యోగం వదులుకుని మరీ కూతురి పక్కన బోర్డు ముందు కూర్చున్నారు. మీ వారిని ఉద్యోగం మానమని ఎవరూ అనరు. సాయంత్రం చెస్ క్లాసు మానిపించి, రాత్రి భోజనాలయ్యాక ఫోన్ పక్కన పెట్టి, బాబుతో ఒక ఆట, పాపతో ఒక ఆట ఆడమనండి. నలభై నిమిషాలు. నాన్న తనతో ఓడిపోయిన రోజు ఆ పిల్లవాడి ముఖం చూస్తే, ఆ క్లాసు ఎందుకు మానిపించమన్నానో ఆయనకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఊళ్ళో ఏముంది?

మే నెలలో కోనసీమలో ఏముందో చెప్తాను. తాటి ముంజలున్నాయి. లేత ముంజెని బొటనవేలితో గుచ్చి నీళ్ళు ఒలకకుండా తాగడం మీ బాబుకి వచ్చా? తినేశాక మిగిలిన రెండు కాయల్ని పుల్లతో కలిపి, చీలిన కర్రతో తోస్తే బండి తయారు. ఇరుసు మధ్యలో ఉండకపోతే బండి ఎందుకు పక్కకి లాగుతుందో రోబోటిక్స్ మాస్టారు చెప్పక ముందే వాడికి తెలుస్తుంది. కొబ్బరి దింపు రోజున చెట్టెక్కే మనిషి నడుముకి ఏం కట్టుకుంటాడో, కాయ కొట్టే ముందు కింద ఉన్నవాళ్ళని ఎలా హెచ్చరిస్తాడో చూస్తాడు. కాయల్ని కుప్పలు పోస్తే లెక్కపెట్టే పని పిల్లలదే. పనసతొనలున్నాయి, రసాలున్నాయి, మధ్యాహ్నం అరుగు మీద అష్టాచెమ్మా ఉంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. వామనగుంటల పీట మీ అమ్మగారి అటక మీద ఇప్పటికీ ఉందేమో కనుక్కోండి. పద్నాలుగు గుంటలు, చింతపిక్కలు. ఆడేటప్పుడు పిల్లలు మనసులో చేసే లెక్కలు చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

అన్నిటికంటే ముఖ్యం, ఆవకాయ పెట్టే రోజు పిల్లలు అక్కడ ఉండేలా చూడండి. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టాక, ఒక్కో ముక్కలోంచి జీడి తీసి, లోపలి పొర గీకి, పొడి గుడ్డతో తుడవడం పిల్లల పని. మా ఇంట్లో ఆ పని మాకే ఇచ్చేవారు. తడి చెయ్యి తగిలితే పచ్చడి బూజు పడుతుందని అమ్మ అరుస్తుంటే ఎంత జాగ్రత్తగా చేసేవాళ్ళమో. ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి కలపడం, నువ్వులనూనె పొయ్యడం, మూడో రోజు జాడీ తీసి తిరగకలపడం, ఆ కలిపిన పళ్ళెంలో వేడి అన్నం వేసి అమ్మమ్మ అందరికీ తలా ఒక ముద్ద పెట్టడం. ఏడాదంతా హైదరాబాద్‌లో ఆ జాడీ తెరిచిన ప్రతిసారీ "ఈ ముక్కలు నేనే తుడిచాను" అంటాడు మీ బాబు.

కానీ నెల రోజులు పంపవద్దు. ఇది మీ అమ్మగారి వైపు నుంచి చెప్తున్నాను. పిల్లలు రావాలని వాళ్ళకి ఎంత ఆశ ఉన్నా, ఆ వయసులో ఇద్దరు పిల్లలకి మూడు పూటలా వండి, వెనకాల పరిగెత్తడం మోకాళ్ళకి చాలా కష్టం. వాళ్ళు నోరు విప్పి చెప్పరు. రెండు వారాలు చాలు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, రోళ్ళు పగిలే ఎండలంటారు కదా, ఆ లోపు తిరిగి వచ్చేలా చూసుకోండి. మొదటి మూడు రోజులు మీరు వెళ్ళి ఉండండి. అంట్లకీ వంట సాయానికీ ఊళ్ళో ఒక మనిషిని మాట్లాడి ఆ డబ్బు మీరే ఇవ్వండి. మూడు క్లాసులు మానేసిన ఇంటికి అదేమీ బరువు కాదు. నూతి మీద మూత ఉందో లేదో, గడ్డివాము దగ్గర పాముల సంగతేమిటో, దగ్గర్లో డాక్టరు ఎవరో కళ్ళారా చూసి రండి. చెరువుకి గానీ కాలువకి గానీ పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదన్నది మొదటి రోజే పిల్లలకి గట్టిగా చెప్పాలి.

తిరిగి తీసుకురావడానికి మాత్రం మీ వారిని పంపండి. రెండు రాత్రులు అక్కడ ఉండమనండి. ఊళ్ళో ఏముందో ఆయన కూడా చూడాలి.

ప్రయాణం సంగతి త్వరగా తేల్చుకోండి. అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రిలో దిగి బస్సెక్కాలి. లింగంపల్లి నుంచే బయల్దేరే గౌతమి ఎక్స్‌ప్రెస్ మీ ఇంటికి దగ్గర. అయితే 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మే నెల బెర్తులు మార్చిలోనే అయిపోయి ఉంటాయి. తత్కాల్‌లో చూడండి. ఏసీకి ముందురోజు ఉదయం పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి మొదలవుతుంది, టికెట్లు తీసే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జత చేసి ఉండాలి. పిల్లలిద్దరికీ పన్నెండు నిండలేదు కనుక బెర్తు అక్కర్లేదంటే సగం టికెట్, బెర్తు కావాలంటే పూర్తి టికెట్. రాత్రి ప్రయాణం కదా, బెర్తులే తీసుకోండి. రాజమండ్రి నుంచి వెళ్తూ ధవళేశ్వరంలో గంటసేపు ఆగితే గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరిట మ్యూజియం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట కథ పిల్లలకి అక్కడ చెప్పవచ్చు. ఇప్పుడు కనిపించే బ్యారేజీ ఆ తర్వాత కట్టినది. వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. ఎండిన కాలువ అడుగు, లాకుల తలుపులు పిల్లలకి చూపించడానికి అదే సరైన సమయం. జూన్‌లో నీళ్ళు వదిలాక అమ్మమ్మకి ఫోన్ చేసి కాలువ నిండిందా అని వాళ్ళే అడుగుతారు.

హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో ఆదివారం షికార్ల గురించి. ప్రతి ఆదివారం అక్కర్లేదు. ఒక పూటకి ఒక్క చోటు, అది కూడా చూడాల్సినదేమిటో ముందే అనుకుని వెళ్ళండి. గోల్కొండకి పొద్దున తెరిచే వేళకే వెళ్ళి, బాలాహిస్సార్ ద్వారం గుమ్మటం కింద పాప చప్పట్లు కొడితే పైన కొండ మీది మండపంలో బాబుకి వినిపిస్తుందో లేదో పరీక్ష చేయండి. ఎండెక్కే లోపు దిగి వచ్చేయాలి. జూపార్క్ కూడా పొద్దున్నే, సోమవారం సెలవు. మధ్యాహ్నం తప్పనిసరి అయితే నీడపట్టున ఉండే చోటు చూసుకోండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండా ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగవచ్చు, అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియంకి ఆటోలో కొద్ది దూరం. శుక్రవారం మూసి ఉంటుంది. అన్ని గదులూ తిప్పకండి. గంట కొట్టే ముందు అక్కడి పేరున్న బొమ్మల గడియారం దగ్గర కూర్చోండి చాలు. కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూనే ఉంటాడు, గంటగంటకీ లోపలి నుంచి చిన్న మనిషి వచ్చి గంట మోగించి వెళ్ళిపోతాడు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టారు. మీ అమ్మగారి ఊరి పక్కన సముద్రంలో కలిసే గోదావరే అది. బాబుకి ఆ సంగతి చెప్పి చూడండి.

ఎక్కడికి వెళ్ళినా మజ్జిగ సీసా, నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి. పెద్ద పొట్లం లీటరు నీళ్ళలో కలిపేది, సగం గ్లాసులో కాదు. దుకాణాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ఆ తేడా కోసం మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఓఆర్ఎస్ అన్న పేరు అలాంటి సీసాల మీద వాడకూడదని కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ఆమెకి తల్లులందరం రుణపడి ఉండాలి.

ఫోన్ల భయం గురించి దాచకుండా చెప్తాను. క్లాసులు తగ్గించిన మొదటి మూడు రోజులు కష్టంగానే ఉంటుంది. "బోర్ కొడుతోంది" అని మీ ప్రాణం తీస్తారు. ఆ మూడు రోజులు మీరు జవాబు వెతక్కండి. సాయంత్రం ఒక గంట, హాల్లో అందరి ముందు, టీవీ గానీ ఫోన్ గానీ ఏదో ఒకటి అని ఒప్పందం చేసుకోండి. మిగతా వేళ ఫోన్లు బీరువా మీద. ఆఫీసు పని లేని వేళ మీ ఇద్దరి ఫోన్లు కూడా అక్కడే ఉండాలి, లేకపోతే పిల్లలు ఆ ఒప్పందాన్ని ఒక్క రోజు కూడా నమ్మరు. ఇంట్లో రంగు కాగితాలు, కత్తెర, జిగురు, పాత చీర ముక్కలు, ఒక గవ్వల మూట చేతికందేలా ఉంచండి. నాలుగో రోజుకి ఏదో ఒక ఆట వాళ్ళే పుట్టిస్తారు. ఇల్లు చిందరవందర అవుతుంది, అవనివ్వండి.

పగలు చూసేవాళ్ళు లేరన్న ఇబ్బంది నిజమైనదే కాబట్టి, ఊరికి పంపే రెండు వారాలు తీసేస్తే మిగిలిన రోజులకి మీరిద్దరూ ఇంటి నుంచి పని చేసే రోజుల్ని వంతులు వేసుకోండి. మిగిలిన రోజులకి ఒక్క క్యాంపు ఉంచండి. పబ్లిక్ గార్డెన్స్‌లో బాలభవన్ ఉంది, నగరపాలక సంస్థ ఆటస్థలాల్లో ప్రతి వేసవిలోనూ తక్కువ ఫీజుతో ఆటలు నేర్పిస్తారు. ఖరీదైనదే మంచిదని అనుకోవద్దు. ఇంటికి దగ్గరగా, పొద్దున్నే అయిపోయేదిగా ఉంటే చాలు.

మీ ఉత్తరంలో పిల్లలున్నారు, మీ వారున్నారు, మీ అమ్మా నాన్నా ఉన్నారు. మీకు ఏమిష్టమో మాత్రం ఒక్క వాక్యం లేదు. పెళ్ళికి ముందు పాడేవారా, కుట్టేవారా, మొక్కలు పెంచేవారా? పిల్లలు ఊళ్ళో ఉన్న రెండు వారాల్లో దాన్ని బయటికి తీయండి. పాప తిరిగొచ్చేసరికి అమ్మ ఏదో ఒక పనిలో మునిగి ఉండటం చూడాలి.

ఈ రాత్రికి మాత్రం బాబు పక్కన పడుకుని ఆ ఈత సంగతి అడగండి. ఏం చెప్పాడో నాకు రాయండి. పాప అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మొదటి మెలికల ముగ్గుని ఫోటో తీసి ఆ ఉత్తరంతో పాటు పంపండి.